మంత్రిగారి కంప్యూటర్

ఒక రాజ్యంలో మంత్రిగారి కంప్యూటర్‌కీ ఖజానా కంప్యూటర్‌కీ మధ్య వైరు వేశారు. కబుర్లు మాత్రం దారిలోనే ఢీకొని ముక్కలైపోయేవి.

"తప్పంతా వైరు వేసిన పైడమ్మదే. ఊళ్లోంచి వెళ్లగొట్టండి" అన్నాడు మంత్రి.

పైడమ్మ వైరూ, రెండు కంప్యూటర్లూ చూసొచ్చి, "ప్రభూ, ఈ సంగతి మీరూ మంత్రిగారూ కాసేపు మాట్లాడుకోండి" అంది.

రాజు నోరు విప్పాడో లేదో మంత్రి అందుకున్నాడు. రాజు మళ్లీ మొదలుపెట్టినా ఆయన ఆపలేదు.

"నా మాట ఒక్కటైనా విన్నావా?" రాజు కసిరాడు.

"ఇదే జబ్బు ప్రభూ" అంది పైడమ్మ. "ఖజానా కంప్యూటర్ అవతలివాళ్లు ముగించేదాకా ఆగుతోంది. మంత్రిగారు తనది ఎవరికోసమూ ఆగకుండా పెట్టించుకున్నారు."

ఆ సెట్టింగు మార్చగానే కబురు చెక్కుచెదరకుండా చేరింది. మంత్రి ఏదో అనబోయాడు.

"ఆగు" అన్నాడు రాజు. "పైడమ్మను ముగించనీ."