కొంగ పాడుచేసిన తలపాగా

ఉప్పుటేటి పక్కన ఒకానొక రాజ్యం ఉండేది. రాజ్యం చిన్నదే. రాజు మార్తాండరాయుడి తలపాగా మాత్రం పెద్దది.

ఒక కార్తీకంలో రాజుగారు కొంగలపాడు చెరువు గట్టు మీద ఊరేగుతున్నారు. ఆ చెరువులోని చెట్ల నిండా కొంగల గూళ్లే. ఏటా చలికాలంలో వచ్చి, పిల్లల్ని పెంచుకుని పోయేవి. వాటిలో ఒకటి సరిగ్గా రాజుగారి కొత్త తలపాగా మీద రెట్ట వేసింది. కొంగకేం తెలుసు, కింద ఉన్నది రాజని!

రాజు మండిపడ్డాడు. పక్కనే ఆస్థాన విదూషకుడు చెంగప్ప ఉన్నాడు. అతను పుట్టింది ఆ కొంగలపాడులోనే. ఆ కొంగలు ఊరికి చేసే మేలు అతనికి బాగా తెలుసు. తెలిసీ ఏమన్నాడయ్యా అంటే, "వీటికి సభామర్యాద తెలియదు ప్రభూ, డప్పులతో నేర్పిద్దాం" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. రాజు మురిసిపోయి అతనికి పట్టుశాలువా కప్పాడు.

మర్నాటి నుంచి గట్టు మీద డప్పులు మోగాయి. కొంగలు గూళ్లు వదిలేసి పోయాయి. మళ్లీ రాలేదు.

రెండేళ్లు గడిచాయి. రాజుగారు తినే సన్నబియ్యం కొంగలపాడు వెంగమ్మ పొలంలో పండేవి. ఇప్పుడు గింజలో సగం తాలు, మిగిలింది నూక. రాజు ఆమెను సభకు పిలిపించాడు.

"మంచి ధాన్యం దాచుకుని మాకు తాలు పంపుతున్నావు. పున్నమిలోగా పొలం వదిలి వెళ్లిపో."

"దాచుకోలేదు దొరా. పైరే పాలిపోతా ఉంది. చెరువు నీళ్లల్లో సత్తువ లేదు" అంది వెంగమ్మ. తర్వాత చెంగప్ప వైపు తిరిగింది. "నాయనా, నువ్వు మనూరోడివే గదా. నువ్వన్నా చెప్పు."

చెంగప్పకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక్క నవ్వు కోసం, ఒక్క శాలువా కోసం తన ఊరి నోట్లో మట్టి కొట్టాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలిసి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"ఒక్క రోజు గడువివ్వండి ప్రభూ. అసలు దోషిని తెస్తాను" అన్నాడు.

మర్నాడు వెంగమ్మ కూడా ఉన్న సభకు చంకలో ఒక మూటతో వచ్చాడు.

"ప్రభూ, వెంగమ్మ పొలానికి ఎరువు అందించే కూలీలు ఉండేవారు. కూలి అడగరు. ఏట్లో తమ తిండి తామే వెతుక్కుని, ఎరువు మాత్రం మన చెరువుకు తెచ్చేవారు. వాళ్లను ఒకాయన తరిమేశాడు."

"అంత బుద్ధిలేనివాడెవడు? ఆ ఎరువు తట్ట వాడి నెత్తినే పెట్టి పొలం దాకా మోయించండి" అన్నాడు రాజు.

చెంగప్ప మూట విప్పాడు. రాజు పారేయమన్న తలపాగా, రెట్ట మరకతో సహా బయటపడింది.

"ఆ కూలీలు కొంగలు ప్రభూ. ఏట్లో నాచు చేపకు తిండి, చేప కొంగకు తిండి. కొంగ రెట్ట చెరువులో పడుతుంది, ఆ నీరే పొలానికి బలం. పొలం బలం గింజలోకి, గింజ తమరి పళ్లెంలోకి. నెత్తిన ఒక్కసారి పడితే కోపమొచ్చింది గానీ, అది ఏళ్ల తరబడి రెండు పూటలా తమరి పళ్లెంలోనే పడేది."

సభలో ఎవరూ నవ్వలేదు. రాజు ముఖం ఎర్రబడింది. తీర్పు తన నోటితోనే చెప్పేశాడు మరి!

చెంగప్ప శాలువా తీసి చుట్టకుదురులా చుట్టి తన నెత్తిన పెట్టుకున్నాడు. "ఆ డప్పుల మాట నాది. మొదటి తట్ట నాకే ఎత్తండి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వెంగమ్మ ముఖం చూడలేకపోయాడు.

రాజు సింహాసనం దిగాడు. మరక తలపాగా అందుకుని తనూ కుదురు చుట్టుకున్నాడు.

ఇద్దరూ పేడ తట్టలు మోసుకుంటూ వెంగమ్మ పొలం చేరారు. తట్ట దించేసరికి రాజు ముక్కు మీద పేడ కారుతోంది. వెంగమ్మ చీర చెరగు అందించింది. రాజు తుడుచుకుని, చెంగప్పను చూసి, సిగ్గుతోనే పెద్దగా నవ్వాడు.

"పొలం నీదేనమ్మా. ఇక గట్టు మీద డప్పు మోగదు" అన్నాడు. తర్వాత పేడంటిన శాలువా దులిపి చెంగప్ప భుజాన వేశాడు. "అప్పుడు నన్ను నవ్వించినందుకు ఇచ్చాను, తప్పే. ఇప్పుడు నిజం చెప్పినందుకు ఇస్తున్నాను, ఉంచుకో."

చెంగప్ప దాన్ని ఉతకకుండానే దాచుకున్నాడట.