అందరూ కూర్చున్నాకే మునగాకు

దేవుడు తెలివి పంచిపెడుతున్నప్పుడు లోకమంతా దోసిళ్ళు పట్టిందట, అసిరయ్య ఇంటివాళ్ళు మాత్రం గోలెం పట్టుకెళ్ళారట. ఈ మాట ఊళ్ళోవాళ్ళది కాదు, అసిరయ్యదే. ఆ గోలేనికి అడుగు ఉందో లేదో ఆయన ఎప్పుడూ వంగి చూసుకోలేదు.

భీమిలి దగ్గర, సముద్రపు గాలి తలుపులు బాదే వీధిలో వాళ్ళ ఇల్లు. అసిరయ్య, ఆయన భార్య పైడమ్మ, పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు నూకరాజు. గవరయ్యకి ఇంకా పెళ్ళి కాలేదు. "పిల్ల నచ్చితే చెప్పరా" అన్నారు గనక, నచ్చిందని చెప్పి ఊరుకున్నాడు. ఎవరో చెప్పమని ఎవరూ అడగలేదు.

నూకరాజుకి మాత్రం పెళ్ళయింది. ఓడలకి రంగులేసే పని మీద వాడు ఫిలిప్పీన్స్‌లో ఒక రేవుకి వెళ్ళాడు. అక్కడ కూరగాయలమ్మే లిగాయా అనే పిల్ల, "ఒక్క నిమిషం పట్టుకో" అని సైగ చేసి తన బుట్ట వాడి చేతికిచ్చి వెళ్ళింది. ఇంతలో పెద్ద వాన. ఆ పిల్ల సాయంత్రం దాకా రాలేకపోయింది. వచ్చి చూస్తే నూకరాజు అదే చోట, అదే వానలో, బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంత నమ్మకస్తుడు మళ్ళీ దొరకడనుకుంది పిచ్చితల్లి. అంతే, మూడు ముళ్ళూ పడ్డాయి.

భీమిలి వచ్చిన రెండేళ్ళలో లిగాయా తెలుగు చక్కగా నేర్చుకుంది. ఇంట్లోవాళ్ళ తెలివే ఇంకా పట్టుబడలేదు.

ఒకరోజు లిగాయా సంతకెళ్ళింది, మబ్బు పట్టింది. "కోడలికి గొడుగు పట్టుకెళ్ళరా. కొత్త గొడుగు, తడవనివ్వకు" అన్నాడు అసిరయ్య. నూకరాజు గొడుగుని చొక్కాలో దాచుకుని వెళ్ళాడు, చొక్కాలోనే దాచుకుని వచ్చాడు. మొగుడూ పెళ్ళాం నిలువునా తడిసి ఇల్లు చేరారు. గొడుగు మీద ఒక్క చుక్క పడలేదు. ఇంకేముంది, తెల్లారేసరికి లిగాయాకి జ్వరం.

మూడు పూటలైనా ఆ పిల్ల ముద్ద ముట్టలేదు. పైడమ్మ గంజి ఇచ్చింది, వద్దంది. చారన్నం కలిపింది, వద్దంది. గోడవైపు తిరిగి పడుకుని గొణుక్కుంది:

"మా అమ్మయితే ఉతాన్ వండిపెట్టేది. ఇక్కడ నాకెవరున్నారు? జ్వరం తగ్గగానే వెళ్ళిపోతాను."

పైడమ్మ చారన్నం గిన్నె పక్కన పెట్టేసింది. వెళ్ళొస్తాననలేదు, వెళ్ళిపోతానంది! పొద్దున లేస్తే "అత్తా, నీ కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉంది" అని చెప్పే దిక్కు ఆ పిల్లే. ఈమధ్య పైడమ్మకి మరుపు భయం పట్టుకుంది. ఏది మరిచిపోకూడదన్నా కొంగుకి ఒక ముడి వేసుకుంటుంది. ఆ ముడి దేనికి వేసిందో లిగాయాని అడిగి తెలుసుకుంటుంది. లిగాయా పోతే ముడులు మిగులుతాయి, సంగతులు పోతాయి.

"ఆ ఉతానేదో నేనే వండిపెడతాను, చెప్పమ్మా!" అంది.

నలుగురూ మంచం చుట్టూ మూగారు.

"ఉతాన్ అంటే కూరగాయల చారు, అత్తా. గుమ్మడికాయ, బెండకాయ, వంకాయ, టమాటా, ఉల్లిపాయ, నిమ్మగడ్డి. ఉప్పు. చివర్లో మునగాకు."

"పోపు?" అంది పైడమ్మ.

"లేదు."

"చింతపండు?"

"లేదు."

"మిరపకాయైనా?"

"లేదత్తా."

"అయితే అది చారేమిటే, కూరగాయలు స్నానం చేసిన నీళ్ళు గానీ!" అన్నాడు అసిరయ్య.

"మీరు నోరు మూసుకోండి. చెప్పమ్మా, ఎలా వండాలి? ఉండుండు, నా బుర్రలో ఇంకో మాట పెడితే ముందుది జారిపోతుంది. తలా ఒక మాట పంచుకుందాం. ఎవరి మాట వాళ్ళు మోసుకోండి. అప్పుడెవరికీ బరువుండదు."

ఇంత తెలివైన ఆలోచన ఆ ఇంట్లో తప్ప ఎక్కడ పుడుతుందని నలుగురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

లిగాయా నీరసంగా చెప్పింది. గుమ్మడి ముక్కలు నా బొటనవేలంత ఉండాలి అంది. అది గవరయ్య తీసుకున్నాడు. నీళ్ళు మరిగేదాకా గిన్నె మీద మూత తియ్యకూడదు అంది. అది అసిరయ్య తీసుకున్నాడు. చప్పగా ఉంది కదా అని దాన్లో ఏమీ కలపకండి అంది. అది నూకరాజు తీసుకున్నాడు. అందరూ తినడానికి కూర్చున్నాకే మునగాకు వెయ్యాలి, ముందే వేస్తే చేదెక్కుతుంది అంది. అది పైడమ్మ తీసుకుని, దూసిన మునగాకంతా కొంగులో పోసి ముడేసుకుంది. ఇక మరిచిపోయే ప్రసక్తే లేదు.

గవరయ్య గుమ్మడికాయ ముందేసుకుని ఒక ముక్క కోశాడు. తన బొటనవేలు పక్కన పెట్టి చూశాడు.

"నీ వేలు ఎవరిక్కావాలిరా? 'నా బొటనవేలు' అంది కోడలు" అన్నాడు అసిరయ్య.

అంతే, గవరయ్య ముక్క పట్టుకుని గదిలోకి పరిగెత్తాడు. లిగాయా నిద్రపోతోంది. బొటనవేలి పక్కన ముక్క పెట్టి కొలిచాడు. కొంచెం పెద్దది. వంటింట్లోకొచ్చి చెక్కాడు. మళ్ళీ వెళ్ళి కొలిచాడు. సరిపోయింది. రెండో ముక్క కోశాడు, మళ్ళీ గదిలోకి. సగం కాయ అయ్యేసరికి లిగాయా కళ్ళు తెరిచింది. అరచేతి నిండా గుమ్మడి ముక్కలు, పక్కన చెమటలు కక్కుతూ బావగారు.

"ఏంటి బావగారూ ఇది?"

"ఏం లేదమ్మా, నువ్వు పడుకో. ఆ వేలు మాత్రం కదపకు."

జ్వరం తలకెక్కిందనుకుని లిగాయా దుప్పటి ముసుగు పెట్టేసుకుంది. బొటనవేలు బయటే ఉంచింది, పాపం.

ఇక్కడ వంటింట్లో అసిరయ్య నీళ్ళ గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"మరిగాయా, ఏమయ్యా?" అంది పైడమ్మ.

"ఎలా తెలుస్తుందే? చూడాలంటే మూత తియ్యాలి. మూత తియ్యాలంటే మరగాలి."

ఇద్దరూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించారు. పైడమ్మకే తట్టింది. "రెండో బర్నరు మీద అంతే నీళ్ళు పెట్టి, మూత లేకుండా మరిగిద్దాం. అవి మరిగితే ఇవీ మరిగినట్టే!"

"అందుకే నిన్ను చేసుకున్నానే, పైడీ!" అన్నాడు అసిరయ్య.

రెండో గిన్నె తెర్లుకుంటూ మరిగింది. ఇద్దరూ సంబరంగా మొదటి గిన్నె మూత తీశారు. అందులో నీళ్ళు బావిలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"దీని కింద వెలిగించలేదా?"

"రెండూ ఒకే పొయ్యి కదటే! ఒకచోట వెలిగిస్తే చాలదా? గ్యాస్ దండగ!"

సరే, మూత తీసుకెళ్ళి మరిగే గిన్నె మీద పెట్టారు. ఇప్పుడు అదే అసలు గిన్నె. మరిగింది గనక వెంటనే మూత తీసేశారు. ఎక్కడా మాట తప్పలేదు.

గవరయ్య గుమ్మడి ముక్కలు తెచ్చాడు. వెయ్యబోతుంటే నూకరాజు గరిటె అడ్డం పెట్టాడు.

"ఆగన్నయ్యా! ముందు రుచి చూడాలి." కాసిని వేడినీళ్ళు ఊదుకుని తాగాడు. మొహం చిట్లించాడు. "చప్పగా ఉంది."

"ఉత్త నీళ్ళు కదరా, చప్పగా ఉండక?" అన్నాడు గవరయ్య.

"చప్పగా ఉందని ఏమీ కలపకండి అంది నా పెళ్ళాం. గుమ్మడికాయా వద్దు, బెండకాయా వద్దు, ఉప్పూ వద్దు."

ఇంకేముంది, వంట ఆగిపోయింది. నీళ్ళేమో కుతకుతా ఇంకిపోతున్నాయి. గదిలోంచి లిగాయా దగ్గు వినబడింది. ఈ పూట ఉతాన్ కాకపోతే పిల్ల వెళ్ళిపోతుంది. పైడమ్మ కొంగు ముడి పట్టుకుని గట్టిగా ఆలోచించింది.

"ఒరే నూకరాజూ, నీళ్ళలో కూరలు కలపొద్దంది. బాగుంది. మరి కూరల్లో నీళ్ళు కలపొద్దందా?"

నూకరాజు తన మాటని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ అనుకుని చూశాడు. "అనలేదమ్మా."

చల్లనీళ్ళ గిన్నె ఖాళీ చేశారు. గుమ్మడి ముక్కలు, బెండకాయలు, వంకాయలు, టమాటాలు, ఉల్లిపాయలు, నిమ్మగడ్డి, ఉప్పు అన్నీ అందులో వేశారు. పైనుంచి మరిగే నీళ్ళు పోసి, వెలిగే మంట మీదకెక్కించారు. కాసేపటికి నిమ్మగడ్డి వాసన ఇల్లంతా తిరిగి, మంచం మీది ముసుగు కూడా తీయించింది.

"ఇక కూర్చోండి, కూర్చోండి!" అంది పైడమ్మ. లిగాయాని దుప్పటితో సహా తీసుకొచ్చి, వంటింటి గోడకి ఆనించి కూర్చోబెట్టారు. అసిరయ్య కూర్చున్నాడు. కొడుకులు కూర్చున్నారు. పైడమ్మా కూర్చుంది. గట్టు మీద ఉతాన్ ఉడుకుతోంది. ఎవరూ కదల్లేదు.

"అత్తా, మునగాకు వెయ్యవేం?" అంది లిగాయా.

"ఎలా వెయ్యనే? నేను లేస్తే అందరూ కూర్చున్నట్టు ఎలా అవుతుంది?"

"పోనీ మావయ్య వేస్తారు."

"నేను లేచినా అంతేగా, కోడలా" అన్నాడు అసిరయ్య జాలిగా.

లిగాయాకి జ్వరంలోనూ నవ్వాగలేదు. "సరే, నేను వేస్తానుండండి" అని గోడ పట్టుకుని లేవబోయింది.

"కూర్చో!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు.

"మీరు నలుగురూ కూర్చున్నారుగా. చాలదా?"

"నలుగురం అందరం ఎలా అవుతామే? నువ్వు లేకుండా అందరూ ఎక్కడున్నారు?" అంది పైడమ్మ. ఇంత చిన్న లెక్క రాదేమిటా అని ఆవిడకి ఆశ్చర్యం కూడా వేసింది.

లిగాయా మళ్ళీ కూర్చుంది. దుప్పటి కొసతో ముక్కు తుడుచుకుంది. జలుబు కదా అనుకుంది పైడమ్మ.

ఇక కూర్చునే వెయ్యాలి. పైడమ్మ కొంగు విప్పి గుప్పెడు ఆకు పైకి విసిరింది. అది వెళ్ళి అసిరయ్య బట్టతల మీద వాలింది. గవరయ్య విసిరింది నూకరాజు నోట్లో పడింది. నూకరాజు విసిరింది ఫ్యానుగాలికి అందరి మీదా అక్షింతల్లా రాలింది. "ఇలా ఇవ్వండి" అని లిగాయా ఒక గుప్పెడు తీసుకుని, ఒక కన్ను మూసి, గురిచూసి విసిరింది. రేవులో లారీల్లోకి కాయగూరలు విసిరిన చెయ్యి మరి. ఆకు సూటిగా గిన్నెలో పడింది.

లిగాయా రెండు గిన్నెలు తాగింది. నుదుట చెమట పట్టింది. అసిరయ్య తల మీది ఆకులు కూడా ఏరుకుని తినేసింది.

"మరి వెళ్ళిపోతావా?" అని పైడమ్మ భయంభయంగా అడిగింది.

"ఎక్కడికత్తా? జ్వరం తగ్గాక మళ్ళీ ఒకసారి అచ్చం ఇలాగే వండిపెట్టు. ఎక్కడికీ వెళ్ళను."

అచ్చం ఇలాగే! పైడమ్మ అప్పటికప్పుడు కొంగుకి ముడులు వెయ్యడం మొదలుపెట్టింది. వెలిగించని బర్నరుకి ఒకటి, నిద్రలో బొటనవేలికి ఒకటి, బట్టతలకి ఒకటి. పమిటంతా ముడులై భుజం మీద నిలవనన్నా విప్పలేదు. పడుకునేముందు, లేచాక తడిమి చూసుకుంది. కొస నుంచి మొదలు దాకా వల్లె వేసుకుంది.

వారం తిరిగేసరికి లిగాయాకి జ్వరం పూర్తిగా తగ్గింది. తలంటు పోసుకుని, పొడి బట్టలు కట్టుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ గడప మీదికి వచ్చింది. "అత్తా, ఇవాళ ఉతాన్ వండవా?" అంది.

వాకిట్లో నలుగురూ అప్పటికే సిద్ధంగా ఉన్నారు. అసిరయ్య బట్టతలకి నూనె రాసుకున్నాడు. నూకరాజు చొక్కాలో గొడుగు దాచుకున్నాడు. గవరయ్య చేతుల్లో నిండు బకెట్టు.

"వండకేం తల్లీ! గడప దిగి రా. ముందు నువ్వు నిలువునా తడవాలి. తర్వాత జ్వరం రావాలి. మూడు పూటలు ఏమీ తినకూడదు. గుమ్మడికాయ ఆ తర్వాతే" అని పైడమ్మ కొంగు కొసనున్న ముడిని గర్వంగా తడిమి చూపించింది. "ఇదిగో, మొదటి ముడి ఇదే. చూశావా, ఒక్కటంటే ఒక్కటి మరిచిపోలేదు! ఊఁ, గవరయ్యా, కుమ్మరించు!"