ఎలుగు చూడని గుంతలు

వానాకాలంలో ఆ కొండ మీద తడవని చోటు ఒక్క గుహే. అందులో తిండి దాచుకోవడానికి పది గుంతలున్నాయి. వాటి మీద పెత్తనం ఎలుగుబంటిది. ఏ గుంత కావాలో, ఏది కొన్నాళ్లు అక్కర్లేదో జంతువులు ముందుగా దాని చెవిన వేయాలి. ఇవ్వడమా మానడమా అన్నది గుంతలు చూసుకుని ఎలుగే తేల్చాలి. పద్ధతి మంచిదే. కానీ ఆ మహానుభావుడు చూడటం ఎప్పుడో మానేశాడు. కూర్చున్న చోటు నుంచి కదలకుండా, విన్నదానికల్లా తల ఊపేవాడు.

ఈ సంగతి నక్క కనిపెట్టింది. రేపు వేట ఉంది, మాంసం దాచాలి అంటూ రోజుకొకటి చొప్పున ఐదు గుంతలు పుచ్చుకుంది. వేటా లేదు, మాంసమూ లేదు. ఎప్పుడైనా పనికొస్తాయని అట్టిపెట్టుకుంది, అంతే.

ఉడుతకున్నది ఒకే గుంత. దాన్నిండా గింజలు, నలుగురు పిల్లలకు వానాకాలమంతా తిండి. పిల్లల్ని తీసుకుని అవతలి కొండ మీది చెల్లెలి దగ్గరకు వెళ్తూ, నాలుగు రోజులు గుంతతో పని లేదని మర్యాదగా చెప్పింది. ఆ పూటే నక్క ఆరో గుంత అడిగింది. ఎలుగు ఉడుత గింజలన్నీ వానలోకి తోసేసి, గుంత నక్కకు ఇచ్చేసింది.

తిరిగొచ్చిన ఉడుతకు గుహ ముందు బురదలో కుళ్లిన గింజలు కనిపించాయి. ఎలుగు కనీసం సిగ్గుపడలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

"పని లేదన్నావుగా, ఉడుతమ్మా," అంది ఎలుగు.

"నాలుగు రోజులన్నాను. పారేయమన్నానా?"

"నాకు చెప్పిందే నేను చేస్తాను."

ఉడుత గట్టిగానే అంది, "అయితే ఎలుగన్నా, నువ్వు పడుకునే చోటు నాకు కావాలి. చెప్పాను కదా, ఖాళీ చెయ్యి."

"కనపడటం లేదా? అక్కడ నేనున్నాను."

"నీ చోటైతే చూస్తావన్నమాట. నా గుంతలో పిల్లల తిండి ఉందని ఎందుకు చూడలేదు? నక్క గుంతల్లో ఏముందో ఒక్కసారైనా చూశావా?"

చుట్టూ చేరిన జంతువులన్నీ ఎలుగు వైపు తిరిగాయి. అది లేవక తప్పలేదు. ఆరు గుంతల్లోనూ సాలెగూళ్లు తప్ప ఏమీ లేవు. నక్క ఏదో చెప్పబోయింది, ఎవరూ వినలేదు. ఆరూ పోగొట్టుకుని వానలోకి నడిచింది. ఎలుగు కూడా ఆ వానలోనే తిరుగుతూ ఉడుత పిల్లలకు గింజలు ఏరింది. గుంత సగం కూడా నిండలేదు.

ఎవరేం చెప్పినా వినాల్సిందే, కానీ ఒకరి తిండి బయట పారేసే ముందు లేచి వెళ్లి చూడాలి.