చిలక చూసినదే అడగాలి

అనగా అనగా ఒక రాజు. ఏ ఊరి రాజని అప్పుడే అడక్కండర్రా, చెబుతున్నాగా. ఊరు కాచనగరం, రాజు చిత్రవర్మ. ఆ ఊరివాళ్ళకి గాజులే జీవనం. అయిదొందల బట్టీలు, బట్టీకో కుటుంబం.

రాణిగారు పోయి ఏడాదైంది. ఆ ఏడాదంతా గాజుల బళ్ళు చాలామటుకు సంతకి వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొస్తున్నాయి. రాజుగారు ముగ్గురు కొడుకుల్నీ పిలిచి, "వానలు పడేలోగా మన వ్యాపారం పెరగాలి. పెరక్కపోతే బట్టీలు ఆర్పించేస్తాను. ఆ కుటుంబాలు ఎక్కడికైనా పోయి బతకాలి" అన్నాడు.

పెరగాలిట. ఏది, ఎక్కడ, ఎంత? ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. చిన్నవాడు మణిధరుడికి మాత్రం అన్నం సయించలేదు. బట్టీ నాగన్న కూతురు పగడాలు అనే పిల్లంటే వాడికి ప్రాణం. బట్టీ ఆరితే ఆ పిల్లా మూట కట్టుకుని వెళ్ళిపోతుంది.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడున్నాడు. వాడి దగ్గరో చిలకుంది. అది లోకంలో ఉన్న ప్రతి సంతలోనూ, ప్రతి బట్టీలోనూ చూరు మీద వాలి, జరిగేదంతా చూసింది. ఎవరైనా దాన్ని మూడు ప్రశ్నలు అడగొచ్చు. అది చూసిన సంగతైతే చెబుతుంది. చూడనిదైతే అడిగినవాడే చిలకై పంజరంలో పడతాడు, మాంత్రికుడికి నూరేళ్ళ ఆయుష్షు కలుస్తుంది. మూడింటికీ జవాబొచ్చిందా, ఆ చిలక ఎగిరిపోతుంది. వాడి ప్రాణం దాంట్లోనే ఉంది మరి.

పెద్దవాడు వెళ్ళాడు. "మా వ్యాపారం ఎలా పెరుగుతుంది?" అనడిగాడు. "పెరగబోయేది నేనింకా చూళ్ళేదు" అంది చిలక. వాడు చిలకైపోయాడు.

రెండోవాడు వెళ్ళాడు. "మా గాజులంటే జనానికి ఎందుకు మొహం మొత్తింది?" అనడిగాడు. "మొహాలు చూశాను, మనసులు చూళ్ళేదు" అంది చిలక. వాడూ చిలకైపోయాడు.

ఇక మణిధరుడు బయల్దేరాడు. ఏం అడగాలో వాడికీ తెలీదు, పాపం. ఒడ్డున ఓ ముసలి తాబేలు కనపడి, వీపు మీద ఎక్కించుకుంది.

"ఏం కావాలి బాబూ నీకు?"

"వ్యాపారం పెరగాలి."

"పెరగడమంటే?"

"అంటే... పెరగడమే."

తాబేలుకేం బోధపడలేదు. వాడికీ బోధపడలేదు. ఏడు సముద్రాలూ అలాగే దాటారు.

అవతలి ఒడ్డున కొంగ దారి చూపిస్తూ, "పెరగాల్సింది ఏమిటి? గాజులా, బళ్ళా, బట్టీలా?" అంది. "అన్నీ" అన్నాడు. "ముందు ఏది?" అంది. వాడి బుర్ర గిర్రున తిరిగింది. నడిచినకొద్దీ తెలిసింది కూడా తెలీకుండా పోతోంది. మాంత్రికుడి కోట ముందుకొచ్చి నేల మీద కూలబడి, "నాకేం అర్థం కావట్లేదు, పగడాలు వెళ్ళిపోతుంది" అని ఏడ్చేశాడు.

పక్కనే బియ్యపు గింజ మోసుకుపోతున్న చీమ ఆగింది. "ఏడుపు తరవాత ఏడుద్దువుగానీ, రెండు మాటలు చెప్పు. నువ్వడగబోయేది కంటితో చూడగలిగేదేనా? జవాబొస్తే ఇంటికెళ్ళి ఏదైనా మార్చగలవా? రెంటికీ అవునంటే అడుగు, లేదంటే నోరు మూసుకో." అలా అని గింజ అక్కడే వదిలేసి వాడి చెవి మీదెక్కి కూర్చుంది.

మాంత్రికుడు వీణ్ణి చూసి మహా ముచ్చటపడ్డాడు. "రాజకుమారుడివి, రాజ్యమంత ప్రశ్న అడుగు నాయనా" అన్నాడు.

మణిధరుడు చెమటలు తుడుచుకున్నాడు. "మా బళ్ళు ఏ సంతల నుంచి ఖాళీగా వచ్చాయి, ఏ సంతల నుంచి నిండుగా వచ్చాయి?"

"ఇదేం ప్రశ్న, బండివాడిలాగా" అన్నాడు మాంత్రికుడు.

చిలక చెప్పింది. "కోటలున్న ఊళ్ళ నుంచి ఖాళీగా వచ్చాయి. రేవుల నుంచి, పొలాలున్న ఊళ్ళ నుంచి నిండుగా వచ్చాయి."

వాడికి ఇంకా అయోమయం ఎక్కువైంది. "ఎందు..." అన్నాడో లేదో, చీమ చెవి కొరికింది. మాట మింగి, మళ్ళీ మొదలెట్టాడు. "ఆ రేవుల్లో, పల్లెల్లో ఆడవాళ్ళు మా గాజులు తీసుకుని ఏం చేశారు?"

"చేతికి ఎక్కించబోయారు. పదిమందిలో తొమ్మిదిమందికి పిడికిలి దగ్గరే ఆగిపోయాయి. గట్టిగా తోస్తే పగిలి గుచ్చుకున్నాయి. రక్తం తుడుచుకుని వెళ్ళిపోయారు."

మాంత్రికుడి మొహం పాలిపోయింది. "ఆఖరిదైనా పెద్దది అడుగు, బాబ్బాబు" అన్నాడు.

"ఎప్పటినుంచి ఇలా జరుగుతోంది?"

"నిరుడు చైత్రం నుంచి. ఆ నెలలో మీ బట్టీల్లో గాజులు కొలిచే కర్రలన్నీ విరిచి పారేసి, ఒక్క కొలతే ఉంచారు."

చిలక ఎగిరిపోయింది. మాంత్రికుడు పడిపోయాడు. పంజరాలు తెరుచుకుని అన్నలిద్దరూ మనుషులై వాణ్ణి వాటేసుకున్నారు. వాడు మాత్రం సంతోషించలేకపోయాడు. నిరుడు చైత్రంలోనే అమ్మ పోయింది. ఇకమీదట కాచనగరంలో ప్రతి గాజూ రాణి చేతి కొలతకే పోయాలని ఆజ్ఞ వేసింది నాన్నే. ఆవిడది పువ్వులు తప్ప ఏమీ ఎత్తని చెయ్యి. వల లాగే చేతులకీ, వడ్లు దంచే చేతులకీ ఆ గాజు ఎలా ఎక్కుతుంది?

మబ్బులు పడుతుంటే ఇల్లు చేరారు. మణిధరుడు నిండు సభలో తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, చిలక చెప్పిందంతా చెప్పాడు.

"అయితే మీ అమ్మని మరిచిపొమ్మంటావా?" అన్నాడు రాజు.

"లేదు నాన్నగారూ. అమ్మ గాజు వాళ్ళ చేతుల్ని కోస్తోంది. అమ్మ బతికుంటే ఒప్పుకునేదా?"

రాజుగారు సింహాసనం మీదే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ మర్నాడు తనే నాగన్న బట్టీ ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఆడమనిషి చేతినీ కొలిచాడు. ఎనిమిది కొలతలు తేలాయి. తొలివాన పడే వేళకి బళ్ళు ఖాళీగా తిరిగొచ్చాయి. ఒక్క బట్టీ ఆరలేదు.

మణిధరుడికీ పగడాలుకీ పెళ్ళైంది. అన్నలిద్దరూ ఒప్పుకుని రాజ్యం వాడికే ఇచ్చారు. మణిధరుడూ పగడాలూ అరవయ్యేళ్ళు చల్లగా ఏలారు. పెద్దరాజుగారు బతికినన్నాళ్ళూ బట్టీ దగ్గర కూర్చుని చేతులు కొలుస్తూనే ఉన్నాడు. ఎప్పుడో ఒకసారి, ఏ నూటికో ఒక చెయ్యి రాణిగారి కొలతకి సరిపోయేది. అప్పుడాయన, "సరిగ్గా చూళ్ళేదమ్మా, ఇంకోసారి చాపు" అనేవాడు.