డప్పు గుడారంలో దళవాయి

ఏ రాజు కాలమో గానీ, ఒక దండు విడిదిలో చెంగప్ప అనేవాడుండేవాడు. పేర్లు చెక్కిన రేకు గుడారానికి ఆనించి రంగు పులమడం అతని పని.

"జట్టుకు పదహారు గుడారాలిస్తే పద్నాలుగింటికే పేర్లేశావేంరా?" దండును నడిపే దళవాయి వీరభూపతి గుడ్లురిమాడు.

"మొదటిది జట్టు జెండాది, చివరిది డప్పుది దొరా. డప్పు గుడారానికి ఏమొచ్చినా జట్టంతటికీ చాటాలని కట్టుబాటు. అక్కడ మనుషుల్ని పెడితే చేటు."

"గుడారం గుడారమే! చివరిదానికి నా పేరే వెయ్యి. పొద్దుగుంకేలోగా ఏ చేటూ రాకపోతే నీ కుడిచెయ్యి నరికిస్తా."

చెంగప్ప ఆ పేరు వేశాడు.

పొద్దు వాలింది. చేటేమీ రాలేదు. తలారి కత్తి నూరాడు. దళవాయి సైగ చేశాడు. చెంగప్ప చెయ్యి మొద్దు మీద పెట్టాడు.

అంతలో ఒక రౌతు వచ్చి, దళవాయి పేరున్న గుడారం వెతుక్కుని, ఆయన ఇంటి నుంచి తెచ్చిన జాబు అక్కడున్న డప్పు ఓబులేసు చేతికిచ్చాడు. ఓబులేసు కట్టుబాటు తప్పే మనిషి కాదు. డప్పు మోగించాడు. జట్టంతా పరిగెత్తుకొచ్చింది. జాబు విప్పి గొంతెత్తాడు.

"ఏమండీ, ఆ బల్లిని తోలించేశాను. ఇక భయపడకుండా ఇంటికి రండి. ఇంకో సంగతి..."

"ఆపరా!" దళవాయి కేక పెట్టాడు. "అది మనుషులుండే గుడారం కాదు!"

చెంగప్ప మెల్లగా తలెత్తాడు.

"దొరా, ఈ చెయ్యి ఇక్కడే ఉంచమంటారా, మీ పేరు చెరపడానికి తియ్యమంటారా?"