ద్వాదశి పొట్లం

శఠగోపాచార్యులుగారిని ప్రశ్న అడిగితే జవాబు ఆ పూటే వస్తుందన్న నమ్మకం లేదు. వకుళ ఆ సంగతి తెలిసే అడిగింది.

వకుళ ఆయన శిష్యురాలు. ఆయన కాపాడుతున్న తాటాకు గ్రంథాలను ఆరేళ్లుగా ఒక్కొక్క ఆకూ ఫొటో తీసి కంప్యూటర్లో భద్రపరుస్తోంది. కొన్ని ఆకులు ఫొటో తీస్తుండగానే చేతుల్లో పొడైపోయాయి. అవి ఇక ఆ కంప్యూటర్లో తప్ప లోకంలో మరెక్కడా లేవు.

"గురువుగారూ, వైరస్‌ని పట్టుకోవడానికి యాంటీవైరస్ పెట్టాను. బయటినుంచి వచ్చేదాన్ని గుమ్మంలోనే ఆపి చూసే కాపలా ఉందే, ఫైర్‌వాల్, అదీ ఉంది. పాస్‌వర్డ్ అయితే నాకే నోరు తిరగదు. ఇన్ని పెట్టుకున్నవాళ్ల ఇళ్లలోకి కూడా దొంగలు ఎలా దూరుతున్నారండీ?"

"ఇవాళ ఏకాదశి కదమ్మా. నీరసంగా ఉంది," అని ఆయన కళ్లు మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వకుళ గుమ్మంలో అరటాకు పొట్లం ఉంది. ద్వాదశినాడు ఆచార్యులు శిష్యులందరికీ ప్రసాదం పంపడం ఆనవాయితీ. లోపల దద్దోజనం, దాని పక్కన పసుపుదారం చుట్టిన పెన్‌డ్రైవ్. 'ఆచార్యులవారి పాత పారాయణం' అని చీటీ. వకుళ దాన్ని కళ్లకద్దుకుని, ఆ చేత్తోనే కంప్యూటర్‌కి పెట్టింది.

తెర నల్లబడింది. గ్రంథాల పేర్లు ఒక్కొక్కటే కళ్లముందు ఆరిపోయాయి. ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'నీ ఫైళ్లు మా తాళంలో ఉన్నాయి. వెల చెల్లించి విడిపించుకో.' దొంగే తాళం వేసి తాళంచెవికి బేరం పెట్టే ఆ రాన్సమ్‌వేర్ గురించి ఆమే పదిమందికి పాఠం చెప్పింది. పొడైపోయిన ఆకులు గుర్తొచ్చి, చెప్పులైనా వేసుకోకుండా ఆచార్యుల ఇంటికి పరుగెత్తింది.

"పోయాయండీ! అన్నీ పోయాయి! నా చేత్తో నేనే..."

"కూర్చో తల్లీ. ఒక్క ఆకూ పోలేదు. మా మేనల్లుడు చేసిపెట్టిన ఉత్తుత్తి తెర అది. ఆ పెన్‌డ్రైవ్ పీకేస్తే మాయమవుతుంది."

వకుళకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీరు పంపిన ప్రసాదం కదండీ! దాన్ని కూడా అనుమానిస్తానా?"

"నేను పంపానని నీకెవరు చెప్పారు?"

వకుళ పొద్దుటి పొట్లాన్ని గుర్తుచేసుకుంది. చెప్పినవాళ్లెవరూ లేరు. అరటాకు ఉంది, పసుపుదారం ఉంది, అంతే.

ఆచార్యులు పక్కనున్న మరో పొట్లం తీసి అందించారు. వకుళ అలవాటుగా రెండు చేతులూ చాచి, సగంలో ఆపేసింది.

"ఇది... మీరే కట్టారాండీ?"

"నిన్న నువ్వు చెప్పిన తాళాల్లో ఈ ప్రశ్నొక్కటి లేదమ్మా," అన్నారాయన. "ఇక తిను."