ఊరంతటికీ ఒక్క చెంబు

మణిగిరిని ఏలే రణధీరరాయలకి ఏదైనా అనుమానం పట్టుకుందంటే, అది తీరేదాకా కొలువులో ఎవరికీ వేళకి భోజనం ఉండదు. ఆ ఏడు పట్టుకున్న అనుమానం ఇది: పట్నంలో పేదవాడు ఎక్కువ పేదా, పల్లెలో పేదవాడు ఎక్కువ పేదా?

ఊరికే వచ్చిన అనుమానం కాదు. రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. కోటలో ఒక్క గాదె ధాన్యం మిగిలింది. ఎవరు ఎక్కువ పేదలని తేలితే గాదె వాళ్ళదని రాయలు కొలువులో చెప్పేశాడు.

మంత్రి సోమరసుకి ఆలోచించే శ్రమ అక్కర్లేకపోయింది. పట్నంలో ఏ సందులో చూసినా పేదలే, పల్లెలో చెయ్యి చాచేవాడు ఒక్కడైనా కనిపించాడా అన్నాడు. కిందటేడు పట్నంలో తాను బియ్యం పంచిన సంగతి కూడా గుర్తుచేశాడు. ఆయన ఎవరికేమిచ్చినా ఇచ్చినదానికంటే ఎక్కువ గుర్తుచేస్తాడు.

రాయల వెనక మైలారు నిలబడి ఉన్నాడు. తాంబూలప్పెట్టె మొయ్యడం అతని పని, అడక్కుండా మాట్లాడటం అతని అలవాటు. ఒక పల్లెకి వెళ్ళి కళ్ళారా చూసి తేల్చమని అన్నాడు. అతను పుట్టింది పల్లెలోనే. తొలకరి అప్పుడే పడింది. విత్తనాలు కూడా వండుకు తినేసిన పల్లెలకి ఈ గాదె దక్కకపోతే పొలాలు బీడు పడతాయని అతనికి తెలుసు. ఆ బెంగతో రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మర్నాడు ముగ్గురూ రెల్లుపాడు బయల్దేరారు. సోమరసు ముందే దండోరా వేయించాడు, రాయలవారు గడపగడపకీ వస్తున్నారని. అక్కడే ఆయన పప్పులో కాలేశాడు.

మొదటి ఇంట్లో నులకమంచం వేసి, తళతళలాడే కంచు చెంబుతో మజ్జిగ ఇచ్చారు. చిక్కటి మజ్జిగ. రాయలు గటగటా తాగేశాడు. రెండో ఇంట్లోనూ కంచు చెంబే. మూడో ఇంట్లోనూ అంతే. సోమరసు మొహం వెలిగిపోయింది. గడపగడపకీ కంచు వస్తువుందంటే ఇది పేద ఊరెలా అవుతుందని రాయల చెవిలో ఊదాడు. రాయలు తలూపాడు.

అయితే మైలారుకి ఇంకో రెండు సంగతులు కనబడ్డాయి. ఒక ఇల్లు దాటి బయటికి వచ్చినప్పుడల్లా పెరళ్ళ వైపు కుక్కలు మొరుగుతున్నాయి. ఇల్లు మారేకొద్దీ మజ్జిగ పలచబడుతోంది. ఎండాకాలం పోయిన కొత్తల్లో పలచటి మజ్జిగే చలవని సోమరసు దానికీ ఒక కారణం చెప్పాడు.

నాలుగో ఇంట్లో రాయలు తాగేసిన చెంబుని మైలారు అందుకున్నాడు. తిరిగి ఇచ్చేలోపు తాంబూలప్పెట్టెలోంచి సున్నం తీసి, బొటనవేలితో దాని అడుగున అంటించాడు.

ఊరి చివరిది పోలమ్మవ్వ ఇల్లు. ఆవిడ వగరుస్తూ ఇచ్చిన మజ్జిగలోంచి చెంబు అడుగు కనిపిస్తోంది. రాయలు తాగాక సోమరసు గొంతు సవరించుకుని తీర్పు చెప్పబోయాడు. ఇన్ని ఇళ్ళు, ఇన్ని కంచు చెంబులు, గాదె పట్నానికే.

"మంత్రిగారి లెక్క తప్పు కాదు ప్రభూ," అన్నాడు మైలారు. "కాకపోతే ఆ చెంబు ఒకసారి తిరగేసి చూడండి."

రాయలు తిరగేశాడు. అడుగున తెల్లటి వేలిముద్ర.

"ఏమిట్రా ఇది?"

"నాలుగో ఇంటి దగ్గర నేను పెట్టిన సున్నం ప్రభూ. ఆ తర్వాత మీరు తాగిన చెంబులన్నిటికీ నా వేలిముద్రే ఉంది."

సోమరసు మొహం రంగు మారింది. వెంటనే గొంతు పెంచాడు. రాజుని మోసం చేసిన ఊరికి గాదె కాదు, దండన వెయ్యాలన్నాడు. రాయల కనుబొమలు ముడిపడ్డాయి. పోలమ్మవ్వ గుంజ పట్టుకుని నిలబడిపోయింది.

"తప్పే దొరా," అంది ఆవిడ. "మా గుమ్మంలోంచి మీరు ఎండిన నోటితో పోతే మాకు తలవంపులని, ఊళ్ళో ఉన్న ఒక్క చెంబూ పెరళ్ళ దారిన తిప్పుకున్నాం."

మైలారు వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"ఉన్నది దాచినవాణ్ణి మోసగాడంటాం ప్రభూ. వీళ్ళు దాచింది లేనిదాన్ని."

రాయల కనుబొమలు విడిపోయాయి. పెదవి చివర నవ్వు మొదలైంది. అయితే పట్నంలో పేదలు పేదలు కారా అని అడిగాడు.

వాళ్ళూ పేదలేనన్నాడు మైలారు. కిందటేడు మంత్రిగారు పంచిన బియ్యాన్ని వాళ్ళు ఆ సాయంత్రమే అయినకాడికి అమ్మేసుకున్నారు. పట్నంలో పుల్ల కూడా కొనుక్కోవాలి, పొయ్యిలోకి కట్టెల్లేనివాడు బియ్యం ఏం చేసుకుంటాడు? పల్లెలో కట్టెలున్నాయి, ఎసట్లో పొయ్యడానికి గింజల్లేవు. చెంబు అడిగితే ఇచ్చే పొరుగైనా ఇక్కడుంది, అక్కడ అదీ లేదు.

"గాదె పల్లెలకివ్వండి ప్రభూ, విత్తుకుంటారు. పట్నానికి అందులోంచే కాసిని గింజలతో గంజి కాచి పొయ్యండి. కట్టెలకి వెతుక్కోనక్కర్లేదు, మంత్రిగారి పెరట్లో ఇంటికంటే ఎత్తు పేర్చి ఉన్నాయి."

రాయలు పగలబడి నవ్వాడు. పక్క ఇళ్ళ గుమ్మాల్లో నిలబడి వింటున్న ఊరూ నవ్వింది. కట్టెలు తనవి కాబట్టి సోమరసు ఒక్కడే ఆఖరున నవ్వాడు. గాదె పల్లెలకనీ, సోమరసు పెరటి కట్టెలతో పట్నంలో గంజి కాయమనీ రాయలు అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. పోలమ్మవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మెడలోని హారం తీసి, ఇది చాలా, ఇంకేమైనా కావాలా అని రాయలు మైలారుని అడిగాడు. మైలారు హారం కళ్ళకద్దుకున్నాడు.

"కాస్త మజ్జిగ ఇప్పించండి ప్రభూ. పొద్దుటినుంచి ప్రతి ఇంట్లోనూ నా వంతు వచ్చేసరికి చెంబు పక్కింటికి వెళ్ళిపోయింది."